రాజుగారి మూడో చావు

బర్నబీ,
జనవరి 12

ఝాన్సీ అత్తయ్యకు నమస్కారాలు.

ఈ ఉదయం బస్సు అద్దానికి పట్టిన ఆవిరి మీద ఎవరో వేలితో ఒక ముఖం గీసి దిగిపోయారు. కొండ కింద బయలుదేరినప్పుడు అది నవ్వుతూ ఉంది. యూనివర్సిటీ చేరేసరికి నీళ్ళు కారి మూతి కిందికి వంగిపోయింది. నాటక చరిత్రలో సగం పాఠం అదే. మిగతా సగానికి నేను ఇక్కడ మూడేళ్ళుగా చదువుతున్నాను.

మీరు అన్నది నిజమే. కొత్త సంవత్సరం రోజున మీరు ఫోన్లో అరగంట మాట్లాడారు, నేను పదకొండుసార్లు ‘ఊ’ అన్నాను. ‘ఇకనుంచి ఫోన్ వద్దు, ఉత్తరాలు రాయి, అప్పుడైనా నీకు నోరుందో లేదో తెలుస్తుంది’ అన్నారు. నాకు ఇదే హాయిగా ఉంది. కాగితం ముందు కూర్చుంటే ఎవరూ నా ముఖం చూడరు.

మీ తెలుగు సంఘం ఉగాదికి అడిగిన నాటకం పూర్తయింది. ‘నాటకం పుట్టినప్పటినుంచి పునరుజ్జీవన కాలం దాకా రెండువేల ఏళ్ళు, నలభై నిమిషాల్లో’ అన్నారు. లెక్క వేస్తే ఏడాదికి సెకను పైచిలుకు వచ్చింది. రోమన్లకు కొంచెం తగ్గించాను.

మూడు భాగాలున్నాయి. మొదటిది గ్రీకు. ముఖానికి ముసుగులు పెట్టుకున్న పన్నెండుమంది బృందంగా నిలబడి ఒకే గొంతుతో పాడతారు. వాళ్ళ మధ్య గర్వంతో ఊరిని చెడగొట్టి, చివరికి చూపు పోగొట్టుకున్న రాజు ఉంటాడు. రెండోది మధ్యయుగం. అప్పట్లో ఒక్కో వృత్తివాళ్ళు ఒక్కో పురాణ కథను బండి మీద కట్టుకుని ఊరంతా తిప్పేవారు. మూడోది ఇటలీ. వెనక తెర మీద ఒక వీధి, దూరం పోయేకొద్దీ ఇళ్ళు చిన్నవవుతూ ఉంటుంది.

ఒక్క నియమం మాత్రం మార్చకండి. గ్రీకు నాటకంలో చావు జనం ముందు జరగదు. లోపల జరుగుతుంది, వార్తాహరుడు వచ్చి చెబుతాడు.

రాజుకు చివర ఒక పద్యం ఉంది. ‘కనులు గలనాడు కానకే గర్వమందు, చూపు పోయాక చూచితి సొంత నీడ’ అని మొదలవుతుంది. ఎవరిదని అడిగితే కాగితం మీద పేరు లేదని చెప్పండి.

మావయ్యకు నమస్కారాలు.

అమృత

*

కిచెనర్,
జనవరి 24

చి. అమృతకు ఆశీస్సులు.

స్క్రిప్ట్ అందింది. మా ఇంట్లోనే కమిటీ మీటింగ్ పెట్టి చదివి వినిపించాను. నాటకం అందరికీ నచ్చింది. ఎవరి వేషం వాళ్ళకి నచ్చలేదు. పన్నెండుమందీ ఒకే మాట ఒకేసారి అనాలన్నావు. మనవాళ్ళతో అయ్యే పనేనా అది? ‘ఝాన్సీగారూ, నాకు విడిగా డైలాగ్ ఏదీ?’ అని పన్నెండుమందీ విడివిడిగా ఫోన్ చేశారు. ఆ మాట మాత్రం అక్షరం పొల్లుపోకుండా అందరూ ఒకేలా అన్నారు.

రాజు వేషం అమరేశ్వరరావుగారికి ఇచ్చాం. రిటైర్డ్ ఎముకల డాక్టరు, డెబ్బై ఆరేళ్ళు. చదువుకునే రోజుల్లో పద్యనాటకాలు ఆడినాయన. నువ్వు పంపిన పద్యం చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ‘ఇది నేను తెనాలిలో డెబ్బై నాలుగులో పాడాను. మూడుసార్లు వన్స్‌మోర్ కొట్టారు. వెండికప్పు ఇచ్చారు’ అన్నారు. మర్నాడు ఆ కప్పు పట్టుకొచ్చి చూపించారు. దాని మీద బాడ్మింటన్ రాకెట్ బొమ్మ ఉంది.

చావు లోపల అంటే మాత్రం ఒప్పుకోలేదే. ‘డెబ్బై ఆరేళ్ళొచ్చాక ఇంత ముస్తాబై తెరవెనక చావాలా అమ్మా?’ అన్నారు. పెద్దాయన, కాదనలేకపోయాను. స్టేజీ మధ్యలోనే పోతారు. అలాగని వార్తాహరుణ్ణి తీసెయ్యలేను. ఆ వేషం మీ మావయ్యది. ఉన్నదే ఒక్క డైలాగు, ‘రాజు మరణించాడు’ అని. నాలుగు రోజులుగా బాత్రూమ్‌లో ప్రాక్టీస్ చేస్తున్నారు. పక్కింటావిడ కంగారుపడి వచ్చి ఎవరు పోయారని అడిగింది.

వృత్తులవారీగా బండ్లు అన్నావు కదా, అది మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది. ఇన్సూరెన్స్ కంపెనీలో చేసేవాళ్ళకి ప్రళయం ఇచ్చాం, మత్స్యావతారంతో సహా. మార్ట్‌గేజ్ వాళ్ళకి నరకం. బండ్లు మనకెక్కడివి, అందరి మినీవ్యాన్లూ పార్కింగ్ లాట్‌లో వరసగా పెడతాం. మా వ్యానే నరకం. వెనక డోర్‌కి అట్టపళ్ళు కట్టాను. రిమోట్ నొక్కితే నోరు తెరుస్తుంది. తెరిచేముందు మూడుసార్లు బీప్ అంటుంది, అది ఆపడం ఎవరికీ చేతకాలేదు.

అన్నట్టు, నీకేదో లెక్చర్ ఉందని, దానికి భయపడి చస్తున్నావని అన్నయ్య చెప్పాడు. ఏమిటా సంగతి? నాకెందుకు చెప్పలేదు?

అత్తయ్య

*

బర్నబీ,
ఫిబ్రవరి 4

అత్తయ్యకు,

నాన్న చెప్పింది నిజం. మా డిపార్ట్‌మెంట్‌లో ప్రతి ఒక్కరూ ఒకసారి అందరి ముందు ఇరవై నిమిషాలు మాట్లాడాలి. నా విషయం, మొదటి నటుడు. బృందంలో అందరితో కలిసి పాడుతున్న ఒక మనిషి, ఒకరోజు వరస విడిచి ముందుకు వచ్చి, బృందానికి జవాబు చెప్పాడంటారు. నాటకం అక్కడ మొదలైంది. ఆ మనిషికి ఆ అడుగు వెయ్యాలని ఎందుకనిపించింది అన్నది నా పరిశోధన. రెండువందల పేజీలు రాశాను, ఇంకా తెలియలేదు.

మొదటిసారి నా వంతు వచ్చినప్పుడు గొంతు పోయిందని చీటీ రాసి ఇచ్చాను. రెండోసారి నిలబడ్డాను. మాట రాలేదు. ఇరవై నిమిషాలూ స్లయిడ్లు మాత్రం మార్చాను. చూసినవాళ్ళు అదేదో కొత్త ప్రయోగం అనుకున్నారు. ఒకాయన లేచి చప్పట్లు కొట్టారు. మా గైడ్ మాత్రం మోసపోలేదు. ఏప్రిల్ 13న మూడోసారి. నాలుగోసారి లేదు. అప్పుడు మాట్లాడకపోతే వచ్చే ఏడు నాకు ఇక్కడ క్లాసులు చెప్పే ఉద్యోగం ఉండదు, అది లేకపోతే చదువూ సాగదు.

ఇది కొత్త జబ్బు కాదు. కాన్వెంట్‌లో ప్రతి క్రిస్మస్‌కి సిస్టర్లు నాటకం వేయించేవారు. ఆరేళ్ళు నేను గొర్రెపిల్లను. గొర్రెకు మాటలుండవని అడిగి మరీ ఆ వేషం తీసుకున్నాను. ఏడో ఏడు పొడుగయ్యానని గొర్రెల కాపరిని చేశారు. ‘అదిగో నక్షత్రం’ అనాలి, అంతే. అనలేక వేలు చూపించాను. వేలు చూపిన వైపు ఫ్యూజు బాక్సు ఉంది. మిగతా కాపరులు, ముగ్గురు రాజులు, రెండు ఒంటెలు అందరూ అటే వెళ్ళి మోకరిల్లారు.

నాటకం సంగతులు. రాజు స్టేజీ మీద చనిపోయాక, ఆయన చనిపోయాడని మావయ్య ఎవరికి చెబుతారు? ముసుగులకు కళ్ళ దగ్గర కన్నాలు పెద్దవిగా చేయించండి. బృందంలో చాలామంది కళ్ళజోళ్ళవాళ్ళే అయి ఉంటారు. ఇటలీ భాగంలో ఎవరినీ తెర దగ్గరకు పోనివ్వకండి. అక్కడి ఇళ్ళు నడుమెత్తే ఉంటాయి.

పద్యం అమరేశ్వరరావుగారికి ఇంకా గుర్తున్నందుకు సంతోషం.

అమృత

*

కిచెనర్,
ఫిబ్రవరి 19

చి. అమృతకు,

నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. ఈలోపు మొదటి రిహార్సల్ అయిపోయింది. నువ్వు భయపడ్డవన్నీ జరిగాయి.

ముసుగుల కింద కళ్ళజోడు పట్టలేదు. తీసేశారు. పన్నెండుమందీ గంభీరంగా పాడుకుంటూ, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని స్టేజీ మీదికి బదులు కిచెన్‌లోకి వెళ్ళారు. అక్కడ పావుగంట పాడారు. పులిహోర కలుపుతున్న రాగిణి వాళ్ళని ఆపడానికి మొహమాటపడింది.

ఇటలీ వీధిలో మీ మావయ్య అలిసిపోయి ఒక మేడ మీద మోచెయ్యి ఆనించి నిలబడ్డారు. అది రెండంతస్తుల మేడ. మా తేజశ్రీ నవ్వలేక కింద కూర్చుంది. ‘మామ్, డాడ్ లుక్స్ లైక్ గాడ్జిల్లా’ అంది.

ఇంకో పెద్ద సమస్య. అమరేశ్వరరావుగారికి చెవిలో మెషిన్ ఉంది. ముసుగు పెట్టగానే అది కూతపెడుతోంది. రాజు ఏడుస్తుంటే లోపల ప్రెజర్ కుక్కర్ ఉన్నట్టుంది. ఆయనేమో మెషిన్ తీసేసి జేబులో వేసుకుంటానన్నారు. ‘నాకు అందరి డైలాగులూ వచ్చు, వినాల్సిన పనేముంది’ అన్నారు. కానీ తనవి మర్చిపోతారే. పక్కనుంచి ఎవరో ఒకరు అందించాలి. మన నాటకాలకి ప్రాంప్టరు లేనిదే ఎప్పుడు సాగింది కనక?

అందుకని, నువ్వు వస్తున్నావు. టికెట్ బుక్ చేశాను, కాన్సిల్ చేస్తే డబ్బులు రావు. మార్చి 27 ఫ్లైట్. 28 సాయంత్రం షో. 29 పొద్దున్నే తిరుగు ఫ్లైట్. తెర చాటున చీకట్లో స్టూల్ వేయిస్తాను. నిన్నెవరూ చూడరు. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. ఆంటీలు ‘పెళ్ళెప్పుడమ్మా’ అని అడగడానికి కూడా వీల్లేనంత చీకటి.

లెక్చర్ గురించి రాసింది చదివాను. సలహాలేం ఇవ్వను. గొర్రెపిల్ల ఫోటో మాత్రం ఎక్కడైనా ఉంటే పంపు.

అత్తయ్య

*

బర్నబీ,
మార్చి 3

అత్తయ్యకు,

వస్తాను.

నల్లబట్టలు వేసుకుంటాను. ప్రాంప్టరు కనపడితే తప్పు, జనానికి వినపడితే ఇంకా తప్పు. పుట్టి ఇన్నాళ్ళకు నాకు సరిపోయే ఉద్యోగం దొరికింది.

స్టూలు కిచెన్‌కు ఎదురువైపు వేయించండి. బృందం వచ్చే దారిలో ఉండను.

గొర్రెపిల్ల ఫోటో లేదు.

అమృత

*

కిచెనర్,
మార్చి 31

అమృతా,

ఏమే, ఏం చేశావే?

నేను ఆశీస్సులు కూడా రాయడం లేదు చూడు, అంత తొందరగా ఉంది నాకు. శనివారం గ్రీకు భాగం నడుస్తుండగా మా వ్యాన్ దగ్గర కాపలా ఉన్న కుర్రాడు సాయిచరణ్ పరిగెత్తుకొచ్చి ‘ఆంటీ, నరకం తెరుచుకోవట్లేదు’ అన్నాడు. చలికి వ్యాన్ బ్యాటరీ పోయింది. నేను కోటు కూడా వేసుకోకుండా పార్కింగ్ లాట్‌లోకి పరిగెత్తాను. ప్రళయం వ్యాన్ తెచ్చి పక్కన పెట్టి, కేబుల్స్ తగిలించి, నరకాన్ని జంప్‌స్టార్ట్ చేసేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. లోపలికొస్తే మూడొందలమంది లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. నువ్వు స్టేజీ మధ్యలో ఉన్నావు. నువ్వు! లైటులో! రాజుగారు నీ కాళ్ళ దగ్గర పడి ఉన్నారు.

తెల్లారి నేను నిద్రలేచేసరికి నువ్వు ఎయిర్‌పోర్టుకి వెళ్ళిపోయావు. బల్లమీద ‘థాంక్యూ అత్తయ్యా’ అని చీటీ. అదేం చీటీ?

ఒక్కొక్కరూ ఒక్కోలా చెబుతున్నారు. రాగిణి నువ్వు రాజుని కొట్టావంది. సాయిచరణ్ నువ్వు పాడావన్నాడు. మీ మావయ్యని అడిగితే ‘నా డైలాగు బ్రహ్మాండంగా పేలింది’ అంటారు తప్ప ఇంకేం చెప్పరు. తేజశ్రీ వీడియో తీసింది కానీ అందులో మొదటినుంచి చివరిదాకా ముందు వరసలో ఎవరిదో బట్టతల.

రెండు నెలలు కష్టపడి చేయించింది నేను. చూడనిది నేనొక్కదాన్నే. ఏం జరిగిందో ఒక్కటి కూడా వదలకుండా రాయి. ఊ అంటే ఊరుకోను.

అత్తయ్య

*

బర్నబీ,
ఏప్రిల్ 15

అత్తయ్యకు నమస్కారాలు.

ఆలస్యానికి క్షమించండి. కారణం చివర రాస్తాను.

అసలు సంగతి జరిగేటప్పుడు ముఖ్యమైనవాళ్ళు అక్కడ ఉండరు, ఎవరో వచ్చి చెబుతారు. మీరు గ్రీకు నియమం మార్చారు గానీ అది మిమ్మల్ని వదలలేదు. వార్తాహరుడి పని నాకు పడింది.

రాజుగారు మొదటిసారి పద్యం చాలా బాగా పాడారు. ఆఖరి మాటను పట్టుకుని రాగం తీస్తూ తీస్తూ చక్కగా మోకాళ్ళ మీద కూలి, పక్కకు ఒరిగి చనిపోయారు. ఎముకల డాక్టరు కదా, ఏ ఎముకా నొప్పి పెట్టకుండా ఎలా పడాలో ఆయనకు తెలుసు. వెనక వరసలోనుంచి ఎవరో ‘వన్స్‌మోర్’ అన్నారు. నేను పుస్తకాల్లో చదివాను గానీ చూడలేదు. రాజుగారు లేచారు. పంచె దులుపుకున్నారు. దణ్ణం పెట్టారు. మళ్ళీ పాడి, మళ్ళీ చనిపోయారు.

మావయ్య మొదటిసారి చావు తరవాత ‘రాజు మరణించాడు’ అని చెప్పడానికి వచ్చారు. వచ్చేసరికి రాజు నిలబడి దణ్ణం పెడుతున్నాడు. వెనక్కి వెళ్ళిపోయారు. రెండోసారి వచ్చేసరికి రెండో వన్స్‌మోర్ అయింది. మళ్ళీ వెళ్ళిపోయారు. వెళుతూ నా స్టూలు దగ్గర ఆగి, ‘ఆయన ఉండాలనుకుంటున్నాడో పోవాలనుకుంటున్నాడో ఒకటి తేల్చమనవే’ అన్నారు. ముందు వరసలో ఒక చిన్నపిల్ల ‘వై ఈజ్ హీ స్టిల్ డైయింగ్?’ అని వాళ్ళమ్మని అడిగింది.

మూడోసారి రాజుగారు ‘కనులు గలనాడు’ అని ఆగిపోయారు. అలసిపోయారు. మాట పోయింది. నేను అందించాను. వినపడలేదు. ఇంకొంచెం పైకి అందించాను. చెవి మెషిన్ ఆయన జేబులో సన్నగా కూస్తోంది, నాకు మాత్రం వినపడుతోంది. ఆయన ముసుగులోనుంచి గుడ్డిగా నా వైపు చెయ్యి చాచి, కాలర్ మైకు ఉన్న సంగతి మరిచి, ‘ఏమ్మా, వినపడట్లేదు, ఇలా రా’ అన్నారు.

మూడువందలమంది నా చీకటి వైపు చూశారు.

ఆయన చెయ్యి గాలిలో అలాగే ఉంది, అత్తయ్యా. తెనాలి నుంచి ఇక్కడిదాకా ఆయన దాచుకున్న పద్యం అది. అది దొరక్కపోతే ఆయన అలాగే నిలబడి ఉంటారని నాకు తెలిసింది. అలా నిలబడడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఒక అడుగు వేశాను. అక్కడినుంచి చెప్పాను, వినపడలేదు. ఇంకొకటి. నాలుగో అడుగుకు లైటులో ఉన్నాను. ఆయన చెవి దగ్గర పద్యం మొత్తం చెప్పాను. కాలర్ మైకు అక్కడే ఉందని నేనూ మరిచాను. హాలంతా వినపడింది. పాడలేదు. సాయిచరణ్ పొరపడ్డాడు. కొట్టలేదు కూడా. ఆయన చెయ్యి పట్టుకున్నాను, అంతే.

‘ఆ, అదే, అదే’ అన్నారు రాజుగారు. అప్పుడు బృందం ముసుగులు తీసి, కళ్ళజోళ్ళు పెట్టుకుని, నన్ను చూసి, పన్నెండుమందీ ఒకే గొంతుతో ‘వన్స్‌మోర్’ అన్నారు. రిహార్సళ్ళన్నిటిలో కుదరనిది అప్పుడు కుదిరింది.

మళ్ళీ చెప్పాను. ఈసారి జనం వైపు తిరిగి.

ఎందుకు పారిపోలేదని అడుగుతారు. నేను చెబుతుండగానే, ఇదే సమయమనుకుని రాజుగారు చనిపోయారు. నా ఎడమ పాదం మీద. ఆయన బరువు మీకు తెలుసు. కాలు తీయలేకపోయాను. ఏ పుస్తకమూ చెప్పలేదు గానీ, మొదటి నటుడి విషయంలోనూ ఇలాంటిదే ఏదో జరిగి ఉంటుందని ఇప్పుడు నాకు గట్టి నమ్మకం.

అప్పుడు మావయ్య మూడోసారి వచ్చి, రాజు నిజంగానే పడుకుని ఉండడం చూసి, ఎంతో తృప్తిగా ‘రాజు మరణించాడు’ అన్నారు. మీరు విన్న చప్పట్లు అవి. ఎక్కువ ఆయనవే.

తరవాత పులిహోర దగ్గర అమరేశ్వరరావుగారు మెషిన్ పెట్టుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ‘పద్యం నీకెలా తెలుసమ్మా? మీది తెనాలా?’ అన్నారు. కాదండీ అన్నాను. ‘చిన్నపిల్లవి. ఇంత పాత పద్యం నోటికి రావడం గొప్ప సంగతి’ అన్నారు.

ఇక ఆలస్యానికి కారణం. మొన్న 13న నా ఉపన్యాసం అయింది. నలభై ఒక్కమంది వచ్చారు. మొదటి నిమిషం గొంతు రాలేదు. ఎడమ కాలి మీద బరువు ఉందనుకున్నాను. వచ్చింది. ఇరవైకి బదులు ఇరవై ఆరు నిమిషాలు మాట్లాడాను. టైమ్ అయిందని మా గైడ్ చేత్తో సైగ చేసి ఆపాల్సి వచ్చింది. నన్ను మాట్లాడొద్దని ఒకరు ఆపడం ఇదే మొదటిసారి.

మధ్యలో ఆ పద్యం తెలుగులోనే చెప్పి, అర్థం చెప్పాను. చివర ఒక ప్రొఫెసరు లేచి అది ఎవరిదని అడిగారు. జవాబు చెప్పాను.

మావయ్యను మళ్ళీ మేడల మీద ఆనుకోవద్దని చెప్పండి. నరకం బ్యాటరీ మార్పించండి.

మీ
అమృత

తా.క. అమరేశ్వరరావుగారికి ఈ మాట చెప్పకండి. కప్పు ఆయన దగ్గరే ఉండాలి. ఆ పద్యం నేను జనవరి ఆరున, కొండెక్కే బస్సులో, లైబ్రరీ రసీదు వెనక రాశాను.